వేలంలో సరిగ్గా నా మాక్సిమమ్ దగ్గరే పాట ఆగుతోంది. ఇది దొంగ పాటేనా?

కరీంనగర్_సిక్కా
రెండు రోజులుగా నిద్ర పట్టడం లేదు, అందుకే ఇక్కడ రాస్తున్నా. నేను హైదరాబాద్ సంస్థానం నాణేలు తప్ప వేరేవి కొనను. చిన్న ఐన్ రూపాయి కోసం ఆరేళ్ళుగా తిరుగుతున్నా. తెలియని వాళ్ళకి చెప్తున్నా: ఉస్మాన్ అలీ ఖాన్ 1911లో గద్దెనెక్కాక కొట్టించిన చార్మినార్ రూపాయల మీద, మధ్య గుమ్మంలో ఆయన పేరులోని మొదటి ఉర్దూ అక్షరం ఐన్ ఉంటుంది. అంతకు ముందు మహబూబ్ అలీ ఖాన్ రూపాయల్లో అదే చోట మీమ్ ఉండేది. ఉస్మాన్ అలీ ఖాన్ మొదటి నాణేల్లో ఆ ఐన్ చిన్నది, తర్వాత పెద్దదయింది. చిన్నది దొరకడం కష్టం.

మొన్న ఆదివారం ఒక ఆన్‌లైన్ వేలంలో వచ్చింది. సంస్థ పేరు రాయను, ఇక్కడి రూల్స్ తెలుసు. 800 దగ్గర మొదలు. నేను శుక్రవారమే మాక్సిమమ్ 8,500 పెట్టేసి కూర్చున్నా. (అక్కడి దాకా సిస్టమే నా తరఫున ఒక్కో మెట్టు పెంచుతూ పోతుంది.) ఆదివారం రాత్రి దాకా 3,100 దగ్గరే ఉంది. అన్నం తింటూ కూడా ఫోన్ చూస్తున్నా, మా ఆవిడ తిడుతోంది. చివరి నాలుగు నిమిషాల్లో 47 నంబర్ వాడు దిగాడు. (బిడ్ హిస్టరీలో పేర్లుండవు, నంబర్లే.) ఇరవై సెకన్లకో మెట్టు. 5,000 దాటితే మెట్టు 250. వాడు 5,250, నా తరఫున సిస్టమ్ 5,500. వాడు 5,750, సిస్టమ్ 6,000. అలా ఎక్కుకుంటూ వచ్చి 8,250 వేశాడు. సిస్టమ్ నా 8,500 వేసింది. అంతే, ఆగిపోయాడు. ఇంక ఒక్క మెట్టు వేస్తే వాడిదే అయ్యేది. వేయలేదు.

నాణెం నాకే వచ్చింది గానీ సంతోషం లేదు. నా జేబులో ఎంతుందో చూసి మరీ లెక్కపెట్టుకున్నట్టుంది. ఇది ధర పెంచడానికే పాడించిన దొంగ పాటేనా, లేక నాకే అనుమానం జబ్బా?

పాతనోటు
దొంగ పాటే. ఇందులో అడగాల్సిందేముంది.

ఫిలాటెలీ_పిచ్చోడు
అంత తొందరెందుకు? కాస్త లెక్క చూద్దాం. మాక్సిమమ్ పెట్టే పద్ధతిలో మీరు కట్టేది మీ మాక్సిమమ్ కాదు, మీ తర్వాతి వాడు ఎక్కడ ఆగాడో దాని మీద ఒక మెట్టు. వాడి బడ్జెట్ 8,250 అయి ఉండొచ్చు. లేదా మనసులో "ఎనిమిది వేల పైన వద్దు" అనుకుని, వేడి మీద ఇంకో మెట్టు ఎక్కి, భయపడి దిగి ఉండొచ్చు. వేలంవెర్రి అని ఊరికే అనలేదు. నేనే ఒకసారి 1948 గాంధీ పది రూపాయల స్టాంపు కోసం అలా మెట్టు మెట్టు ఎక్కుతూ పోయా, ఎదుటి వాడి మాక్సిమమ్ ఎక్కడుందో తెలుసుకోవాలన్న పంతంతో. ఒక్క మెట్టు కింద ఆగా. వాడు నా గురించి ఇలాగే ఎక్కడో పోస్టు రాసి ఉంటాడు.

మనుషులు గుండ్రటి అంకెలు పెడతారు. మీరు 8,500 పెట్టారు, వాడూ అలాంటి అంకె దగ్గరే ఆగాడు. ఒక్కసారి జరిగిందాన్ని పట్టుకుని దొంగతనం అనలేం.

కరీంనగర్_సిక్కా
పిచ్చోడు గారూ, ఒక్కసారైతే నేనూ ఊరుకునేవాణ్ణి. ఈ ఏడాది అదే సంస్థలో, అదే అమ్మకందారు పెట్టిన ఆరు నాణేలకి పాడాను. నాలుగింట్లో సరిగ్గా నా మాక్సిమమ్‌కే ముగిసింది. మిగతా రెండూ ఒక్క మెట్టు పైన నా చేయి దాటిపోయాయి. ఆరింటిలోనూ 47 ఉన్నాడు.

ఫిలాటెలీ_పిచ్చోడు
ఆరింటికి నాలుగా? అయితే నా పై పోస్టులో సగం వెనక్కి తీసుకుంటున్నా.

గుంటూరు_ఘాటు
మిగతా సగం రేపు తీసుకుంటారు లెండి.

హాలీ_మాస్టారు
ఈ విద్య ఇంటర్నెట్‌తో పుట్టింది కాదు నాయనా. మా ఊళ్ళో చెరువు చేపల పాట, చింతచెట్ల పాట, సంత గేటు పాట, అన్నీ రచ్చబండ దగ్గరే జరిగేవి. ప్రతి పాటకీ ఒక పెద్దమనిషి వచ్చి ముందు వరసలో కూర్చునేవాడు. జేబులో బీడీ కట్ట తప్ప ఏమీ ఉండేది కాదు. "ఒకటోసారి, రెండోసారి" అనగానే వంద పెంచేవాడు. మూడోసారి అనే లోపు ఎవరో ఒకరు దాని మీద వేసేవాళ్ళు. ఆ పూట ఆయనకి భోజనం ఖాయం. ఊరంతటికీ తెలుసు ఆయన పాట ఉత్తుత్తి పాటని. తెలిసి కూడా పెంచేవాళ్ళు, ఎందుకంటే "ఈసారి నిజంగా తీసుకుంటాడేమో" అని లోపల ఒక మూల భయం.

తేడా ఏమిటంటే అక్కడ మొహం కనపడేది. ఇక్కడ 47 అనే అంకె కనపడుతోంది.

ఇంకో మాట. ముందుగా మాక్సిమమ్ రాసిచ్చే పద్ధతి మన కంప్యూటర్లు కనిపెట్టింది కాదు. అమెరికాలో 1890లలోనే స్టాంపుల వ్యాపారులు ఉత్తరాల మీద వేలాలు నడిపారు. నీ పైఅంకె రాసి పంపు, రెండోవాడి అంకె మీద కొంచెం కలిపి నీకిస్తాం అనేవాళ్ళు. చాలా చక్కటి పద్ధతి, ఉత్తరాలు విప్పేవాడు నిజాయితీపరుడైతే. కాకపోతే దొంగ చేతికి తాళాలిచ్చినట్టే. నీ 8,500 ఆ సంస్థ కంప్యూటర్‌లో శుక్రవారం నుంచీ ఉంది. దాన్ని ఎవరెవరు చూడగలరు? అదీ అడగాల్సిన ప్రశ్న.

కరీంనగర్_సిక్కా
మాస్టారూ, నాకు నిద్ర పట్టనిది అక్కడే.

గుంటూరు_ఘాటు
బాలాపూర్ లడ్డూ 1994లో 450 రూపాయలకి పోయింది, ఇప్పుడు లక్షల్లో పలుకుతోంది. అక్కడ కూడా 47 ఉన్నాడంటారా?

పాతనోటు
దేవుడి లడ్డూ జోలికి పోకు ఘాటన్నా. అక్కడ పాడేవాడు అందరి ముందూ నిలబడి పాడతాడు, డబ్బు ఊరికి పోతుంది.

లాయర్_లక్ష్మి
చట్టం సంగతి నేను చెప్తా. 1930 నాటి వస్తు విక్రయ చట్టంలో 64వ సెక్షన్ మొత్తం వేలాల గురించే. అమ్మేవాడు తన సరుకు మీద తానే పాడుకోవాలంటే, ఆ హక్కు ఉంచుకుంటున్నట్టు ముందే అందరికీ చెప్పి తీరాలి. చెప్పకుండా తాను పాడినా, వేరే వాళ్ళతో పాడించినా చట్టవిరుద్ధం. వేలం వేసేవాడికి ఆ విషయం తెలిసి కూడా అలాంటి పాట తీసుకుంటే అదీ తప్పే. అలాంటి అమ్మకాన్ని కొన్నవాడు మోసంగా పరిగణించవచ్చు. ధర పెంచడానికి అమ్మేవాడు బూటకపు పాట వాడితే, ఆ అమ్మకాన్ని రద్దు చేసుకునే హక్కు కొన్నవాడిదే.

అంటే సిక్కా గారు డబ్బు కట్టను అని చెప్పడానికి చట్టంలో దారి ఉంది. అయితే 47 అమ్మకందారు మనిషేనని చూపించాలి. ఆరింటికి ఆరు అన్నది అనుమానం పెంచుతుంది గానీ రుజువు కాదు.

ఇంకొకటి. అదే సెక్షన్ ప్రకారం పాట ముగిసిందని ప్రకటించే వరకూ ఎవరైనా తన పాట వెనక్కి తీసుకోవచ్చు. సైట్ నిబంధనల్లో "వెనక్కి తీసుకోరాదు" అని రాస్తారు, మనం చదవకుండా టిక్ పెడతాం.

కొత్త_సభ్యుడు_2
నా దగ్గర వైష్ణోదేవి బొమ్మ ఉన్న 5 రూపాయల బిళ్ళ ఉంది. 10 లక్షలు వస్తాయని వీడియోలో చూశాను. ఏ వేలంలో పెట్టాలి?

పాతనోటు
🤦

గుంటూరు_ఘాటు
మా కిరాణా కొట్టులో పెట్టు. అయిదు రూపాయల చాక్లెట్ ఇస్తాడు.

హాలీ_మాస్టారు
వెక్కిరించకండి, అబ్బాయి అడుగుతున్నాడు. బాబూ, అది మామూలు చెలామణీ నాణెం. లక్షలిస్తామని చెప్పే వాళ్ళు చివరికి నీ దగ్గరే రిజిస్ట్రేషన్ ఫీజు, టాక్స్ అని వసూలు చేస్తారు. రిజర్వ్ బ్యాంకు పేరు చెప్పి పాత నాణేలకి కమీషన్ అడిగే వాళ్ళని నమ్మొద్దని 2021 ఆగస్టులో ఆ బ్యాంకే ప్రకటన ఇచ్చింది. ఎవరికీ పైసా కట్టకు. నాణేల మీద ఇష్టముంటే ఇక్కడే ఉండు, చదువు.

కొత్త_సభ్యుడు_2
సరే సార్. 1,200 కట్టాను ఆల్రెడీ.

న్యూజెర్సీ_బాబాయ్
ఇక్కడ దొరలు చేసిన దాని ముందు మీ 47 పసిపిల్లాడు. బేస్‌బాల్ కార్డుల వేలాల్లో పెద్ద పేరు బిల్ మాస్ట్రో. ఆయన కంపెనీయే ఏళ్ళ తరబడి దొంగ పాటలతో ధరలు పెంచిందని ఎఫ్‌బీఐ పట్టుకుంది. 2013లో నేరం ఒప్పుకున్నాడు, 2015లో 20 నెలల జైలు పడింది. ఇంకా తమాషా ఏమిటంటే, ప్రపంచంలో అన్నిటికంటే పేరున్న, హోనస్ వాగ్నర్ అనే పాత బేస్‌బాల్ ఆటగాడి కార్డు అంచులు తానే కత్తిరించి కొత్తదానిలా కనిపించేలా చేశానని కూడా ఒప్పుకున్నాడు. ఆ కార్డే 1991లో వేలంలో 4,51,000 డాలర్లకి పోయింది. కొన్నవాళ్ళలో హాకీ ఆటగాడు వేన్ గ్రెట్స్కీ ఒకడు.

ఈబేలో కూడా 2000లో ఒక పెయింటింగ్ 1,35,805 డాలర్ల దాకా పోయింది. అమ్మినవాడూ వాడి స్నేహితులూ ఒకరి సరుకు మీద ఒకరు పాడుకుంటున్నారని తర్వాత తేలింది. కోర్టు దాకా వెళ్ళింది.

ఇలాంటివి జరిగాయి కాబట్టే కొన్ని రూల్స్ వచ్చాయి. ఉదాహరణకి ఈబేలో బిడ్ వెనక్కి తీసుకోవాలంటే అంకె తప్పు కొట్టడం లాంటి కారణం ఉండాలి. వేలం ముగియడానికి 12 గంటల లోపైతే, బిడ్ వేసిన గంటలోనే తీసుకోవాలి.

ఫిలాటెలీ_పిచ్చోడు
బాబాయ్, ఆ వెనక్కి తీసుకోవడంలోనే ఇంకో విద్య ఉంది. ఇద్దరు స్నేహితులు. మొదటివాడు 500 వేస్తాడు. రెండోవాడు వెంటనే 50,000 వేస్తాడు. ఆ అంకెకి దరిదాపుల్లోకి ఎవరూ రారు. ముగిసే ముందు రెండోవాడు "అయ్యో, సున్నా ఎక్కువ కొట్టాను" అని వెనక్కి తీసుకుంటాడు. సరుకు 500కి మొదటివాడి ఇంటికి. అంటే మోసం అమ్మేవాడి వైపు నుంచే వస్తుందని అనుకోవద్దు.

ఒకప్పటి_అడ్మిన్
ఇన్నాళ్ళూ ఈ గ్రూపులో చదవడమే తప్ప రాయలేదు. ఈ థ్రెడ్ చూశాక ఆగలేకపోతున్నా. నేను నాలుగేళ్ళ క్రితం ఒక వాట్సాప్ వేలం గ్రూపు నడిపాను. పేరు చెప్పను. రోజూ రాత్రి ఎనిమిది నుంచి తొమ్మిదిన్నర. ఫోటో పెడతాం, కింద మొదటి ధర, "ప్లస్ 50" అని రాస్తాం. చివరి బిడ్ తర్వాత ఐదు నిమిషాలు ఎవరూ వేయకపోతే క్లోజ్.

నా దగ్గర రెండు ఫోన్లు ఉండేవి. ఒకటి అడ్మిన్ నంబర్. రెండోది మా బావమరిది పేరు మీద తీసుకున్న సిమ్. మొదట్లో తప్పు ఉద్దేశం లేదు, నిజంగా. గ్రూపు చప్పగా ఉందని, ఎవరో ఒకరు మొదలుపెడితే మిగతావాళ్ళు వస్తారని ఒక 50 వేసేవాణ్ణి. ఒకరోజు 1939 జార్జి రూపాయి అని ఒకటి వచ్చింది. (నకిలీలు ఎక్కువ ఉండే ఐటమ్, అది నకిలీయేనని తర్వాత తెలిసింది, అది వేరే కథ.) ఇద్దరు పోటీ పడ్డారు, ఒకాయన ఆగిపోయాడు. రెండో ఫోన్ నా చేతిలోనే ఉంది. ప్లస్ 500 కొట్టాను. రెండో ఆయన వెంటనే మళ్ళీ కొట్టాడు. నా కమీషన్ పది శాతం. అంటే ఒక్క మెసేజ్‌కి యాభై రూపాయలు. చేతులు వణికాయి, కానీ రెండోరోజు వణకలేదు.

దొరికిపోయింది ఎలాగో చెప్తా. ఒక రాత్రి కంగారులో అడ్మిన్ ఫోన్‌లో కొట్టాల్సిన "క్లోజ్డ్, కంగ్రాట్స్ అన్నా" అనే మెసేజ్ రెండో నంబర్ నుంచి వెళ్ళింది. డిలీట్ చేసేలోపు పదిహేను మంది చూశారు. మర్నాటికి గ్రూపులో నేనూ, మా బావమరిది నంబరూ మిగిలాం.

గుంటూరు_ఘాటు
చివరి వాక్యానికి ఆఫీసులో గట్టిగా నవ్వాను. మేనేజర్ చూస్తున్నాడు.

పాతనోటు
నవ్వేదేముంది ఇందులో? కంచే చేను మేసింది. వాళ్ళ డబ్బు తిరిగిచ్చావా?

ఒకప్పటి_అడ్మిన్
గుర్తున్న వాళ్ళకి కమీషన్ తిరిగిచ్చాను. పెరిగిన తేడా అంతా అమ్మినవాళ్ళ దగ్గరుంది. అందరికీ ఇచ్చానని అబద్ధం చెప్పను.

పాతనోటు
అది సగం మాటే.

హాలీ_మాస్టారు
సగమైనా చెప్పాడు కదా పాతనోటూ. మిగతావాళ్ళు అది కూడా చెప్పరు.

కరీంనగర్_సిక్కా
అడ్మిన్ గారి పోస్టు చదివాక ఒక పని చేశాను. మీ అందరి అభిప్రాయం కావాలి.

చిన్న ఐన్ రూపాయి జూన్‌లో కూడా ఒకటి ఇదే వేలంలో వచ్చింది. పైన చెప్పిన "ఒక్క మెట్టు పైన పోయిన రెండింట్లో" అదొకటి. అప్పుడు నా మాక్సిమమ్ 7,000. 7,250కి పోయింది. గెలిచింది 47. సరే, వాడికీ ఈ రకం ఇష్టమేమో అనుకున్నా.

నిన్న రాత్రి ఆ జూన్ ఫోటో, ఇప్పటి ఫోటో పక్కపక్కన పెట్టి చూశాను. ఇప్పటి ఫోటోని కాస్త తిప్పి తీశారు, లైటింగ్ పసుపుగా ఉంది. ఎడమ వైపు బయటి మినారు పక్కన, పైనుంచి మూడో వంతు దగ్గర, ఏటవాలుగా ఒక సన్నటి గీత. గీత కింద చివర చిన్న చుక్క లాంటి గుంట. రెండు ఫోటోల్లోనూ ఉంది. అంచు దగ్గర ఆరు గంటల చోట నల్లటి మచ్చ, అదీ ఉంది. మా అబ్బాయి ఒకదాని మీద ఒకటి పెట్టి చూపించాడు. అదే నాణెం.

అంటే జూన్‌లో 47 "కొన్న" నాణెం, మళ్ళీ అదే అమ్మకందారు దగ్గర నుంచి వచ్చింది. దాని మీదే 47 మళ్ళీ నాతో పోటీ పడ్డాడు.

ఫిలాటెలీ_పిచ్చోడు
మిగతా సగం కూడా వెనక్కి తీసుకుంటున్నా.

గుంటూరు_ఘాటు
చెప్పానా!

అబిడ్స్_వ్యాపారి
ఇరవై ఏళ్ళుగా నాణేల వ్యాపారంలో ఉన్నవాడిగా రెండు ముక్కలు. ప్రతిదానికీ అమ్మేవాడే దొంగ అంటే ఎలా? నాణెం మళ్ళీ వేలానికి రావడానికి వెయ్యి కారణాలు. అందరికంటే పెద్ద కారణం ఏమిటో తెలుసా? పాడి డబ్బు కట్టకపోవడం. రాత్రి పూట ఉత్సాహంగా కొడతారు, పొద్దున్నే "సార్, మా ఆవిడ ఒప్పుకోలేదు". బయ్యర్స్ ప్రీమియం (పాట ధర మీద కొన్నవాడి దగ్గర వేలం సంస్థ తీసుకునే కమీషన్), దాని మీద జీఎస్టీ, కొరియర్ కలిపి బిల్లు చూసి ఫోన్ స్విచాఫ్. నా దగ్గర ఇలాంటివి నెలకి మూడు నాలుగు. ఆ నాణేలు ఏం చేయాలి, చార్మినార్ దగ్గర పారేయాలా? మళ్ళీ పెడతాం.

పాతనోటు
గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టుంది.

అబిడ్స్_వ్యాపారి
నా సరుకు ఆన్‌లైన్‌లో పెట్టను, కొట్టులోనే అమ్ముతా. తడుముకోవడానికి నా భుజాల మీద ఏమీ లేదు.

లాయర్_లక్ష్మి
వ్యాపారి గారి పాయింట్ న్యాయమైనదే. కానీ ఒకటి అడుగుతాను. జూన్‌లో డబ్బు ఎగ్గొట్టిన వాణ్ణి మీరైతే అదే నాణెం మీద మళ్ళీ పాడనిస్తారా?

అబిడ్స్_వ్యాపారి
…లేదు. గడప తొక్కనివ్వను.

లాయర్_లక్ష్మి
అంతే. 47 జూన్‌లో డబ్బు కట్టి ఉంటే నాణెం వాడి దగ్గరుండాలి. కట్టకపోయి ఉంటే వాడికి అకౌంట్ ఉండకూడదు. ఇక మిగిలింది ఒక్కటే దారి. సిక్కా గారూ, రెండు ఫోటోలూ, రెండు బిడ్ హిస్టరీల స్క్రీన్‌షాట్లూ ఇప్పుడే దాచుకోండి, పేజీలు మాయమైపోతాయి. వాళ్ళకి మెయిల్ రాయండి, ఫోన్లో మాట్లాడకండి. 64వ సెక్షన్ ప్రస్తావించి, ఈ అమ్మకాన్ని రద్దు చేసుకుంటున్నానని చెప్పండి. తిట్లు వద్దు. వాళ్ళు మొండికేస్తే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది.

అబిడ్స్_వ్యాపారి
సరే, 47 సంగతి ఒప్పుకుంటాను. ఇక నా రెండో ముక్క. కొనేవాళ్ళంతా శుద్ధపూసలా? మీలో చాలామంది, వేలానికి ముందు రోజు ఒకరికొకరు ఫోన్లు చేసుకోవడం నాకు తెలియదా? "112 నంబర్ లాట్ నువ్వు తీసుకో, 118కి నేను పాడతా, నా మీద వేయకు." ఆరుగురు కలిస్తే పోటీ ఏది? అమ్మేవాడు ఎవరో ముసలాయన, తాత దాచిన నాణేలు పిల్లకి పెళ్ళని తెస్తే, అవి మొదటి ధరకే పోతాయి. దాన్ని ఏమంటారు?

ఫిలాటెలీ_పిచ్చోడు
దాన్ని సిండికేట్ అంటారు. మద్యం షాపుల పాటలప్పుడు పేపర్లో చూసేవాళ్ళం కదా. న్యూయార్క్‌లో 1990లలో 11 మంది స్టాంపుల వ్యాపారులు ఇదే నడిపారు. అసలు వేలానికి ముందు వాళ్ళలో వాళ్ళు చీటీల మీద అంకెలు రాసుకుని ఒక లోపలి పాట పెట్టుకునేవాళ్ళు. అందులో గెలిచినవాడి తరఫున ఒక్కడే బయట పాడతాడు. మిగిలిన లాభం తర్వాత పంచుకుంటారు. కోర్టుల దాకా వెళ్ళి, వాళ్ళ లెక్కల పుస్తకాలు బయటపడ్డాయి. ఆర్థికశాస్త్రం వాళ్ళు కూర్చుని పరిశోధన చేశారు.

గుంటూరు_ఘాటు
మన చీటీ పాటకి స్టాంపు అంటించారన్నమాట.

లాయర్_లక్ష్మి
వ్యాపార సంస్థలు అలా కుమ్మక్కై పాడితే మన 2002 పోటీ చట్టం మూడో సెక్షన్ కిందికి వస్తుంది. సరదాకి కొనుక్కునే ఇద్దరు స్నేహితులు ఒకరి మీద ఒకరు పాడకపోవడాన్ని అందులో ఇరికించడం కష్టం. కానీ తప్పు కాదని నేను అనడం లేదు.

హాలీ_మాస్టారు
వ్యాపారి గారు ఎవర్ని దృష్టిలో పెట్టుకుని అన్నారో నాకు తెలియదు. నా సంగతి నేను చెప్తా.

మేం నలుగురం రిటైరైన వాళ్ళం. ఇద్దరిది హైదరాబాద్ రాగి, రెండు పైలు, అర్ధణాలు. ఒకాయనది అసఫ్ జాహీ వెండి. నాది స్టాంపులూ కొంచెం వెండీ. పదేళ్ళుగా ఒకరి లాట్ మీద ఒకరం పాడం. పింఛను డబ్బులు, మనలో మనకి పోటీ ఎందుకని. దాన్ని స్నేహం అనుకున్నాను. ఇప్పటిదాకా ఇంకో పేరు తట్టలేదు.

కిందటేడు ఒక వేలంలో నిజాం మొదటి స్టాంపు, 1869 నాటి ఆలివ్ రంగు అణా, మంచి కవరు మీద ఉన్నది వచ్చింది. మా నలుగురిలో ముగ్గురికి కావాలి. చివరికి నాకు వదిలేశారు. చాలా తక్కువకి వచ్చింది. నెల తర్వాత తెలిసింది, అమ్మింది నాకు తెలిసిన ఒక పోస్ట్‌మాస్టర్ గారి భార్య. ఆయన పోయాక అమ్ముకుంది. ఆవిడకి ఫోన్ చేసి ఏదో మాట్లాడాను గానీ కొన్నది నేనేనని చెప్పలేకపోయాను. ఆ కవరు ఆల్బంలో పెట్టలేదు, డ్రాయర్లోనే ఉంది.

పాతనోటు
మాస్టారూ…

గుంటూరు_ఘాటు
దీనికి నా దగ్గర జోకు లేదు.

అబిడ్స్_వ్యాపారి
మిమ్మల్ని అనలేదు మాస్టారూ. నిజంగా మీరని తెలియదు.

న్యూజెర్సీ_బాబాయ్
తిలా పాపం తలా పిడికెడు. నేనూ నా పిడికెడు వేస్తా. ఇక్కడి మన తెలుగు వాళ్ళం ఐదుగురం, జార్జి V పంది రూపాయి వస్తే ఒకరు పాడితే మిగతావాళ్ళం తప్పుకుంటాం. (కొత్తవాళ్ళకి: 1911 రూపాయి మీద రాజుగారి అంగీ పైన ఏనుగు బొమ్మ పందిలా ఉందని గొడవై వెనక్కి తీసుకున్నారు, అందుకే ఆ పేరు.) ఎప్పుడూ తప్పనిపించలేదు. ఇకపై మానేస్తామో లేదో కూడా తెలియదు, నిజం చెప్తున్నా.

ఫిలాటెలీ_పిచ్చోడు
నేను ఒప్పుకోను. స్నేహితుడి మీద పాడకపోవడం, 47 లాగా గాలి పాట పాడటం ఒకటి కాదు. మనం ఎవరికీ అబద్ధం చెప్పడం లేదు. కొననని ఊరుకోవడం నా హక్కు.

లాయర్_లక్ష్మి
ఒక్కరే ఊరుకుంటే మీ హక్కు. ఊరుకుందామని ముందే మాట్లాడుకుంటే?

ఫిలాటెలీ_పిచ్చోడు
దానికి రేపు జవాబిస్తా.

మోడరేటర్
విమర్శ చేయండి, ఫర్వాలేదు. సంస్థల పేర్లు ఊహించి రాసిన మూడు పోస్టులు తీసేశాను. 47 ఎవరో తెలుసంటూ ఫోన్ నంబర్ పెట్టిన సభ్యుణ్ణి వారం పాటు ఆపాను.

కరీంనగర్_సిక్కా
అప్‌డేట్. లక్ష్మి గారు చెప్పినట్టే మెయిల్ రాశాను, ఫోటోలు జతచేశాను. మూడు రోజులు జవాబు లేదు. నాలుగో రోజు రెండు లైన్లు వచ్చాయి. "సాంకేతిక కారణాల వల్ల మీ లాట్ రద్దు చేయబడినది. అసౌకర్యానికి చింతిస్తున్నాము." 47 గురించి ఒక్క ముక్క లేదు. సాయంత్రం లాగిన్ అవుదామని చూస్తే నా అకౌంటే బ్లాక్.

పాతనోటు
చోద్యం! దొంగని పట్టిచ్చినవాణ్ణే బయటికి నెట్టారు.

లాయర్_లక్ష్మి
మీరు డబ్బు కట్టాల్సిన పని తప్పింది, అది ముఖ్యం. ఆ మెయిల్ దాచండి. అకౌంట్ ఎందుకు ఆపారో రాతపూర్వకంగా అడగండి.

ఫిలాటెలీ_పిచ్చోడు
ఇకపై వేరేచోట పాడేటప్పుడు మాక్సిమమ్ ముందు రోజు పెట్టకండి. చివరి నిమిషంలో పెట్టండి, అదీ గుండ్రటి అంకె కాకుండా. చివర్లో పాట వస్తే టైమ్ పొడిగించే సైట్లలో దీని వల్ల లాభం తక్కువే గానీ, కనీసం రెండు రోజుల పాటు మీ అంకె వాళ్ళ దగ్గర పడి ఉండదు.

హాలీ_మాస్టారు
నేను ఆ పోస్ట్‌మాస్టర్ గారి ఇంటికి వెళ్ళొచ్చాను. అంతకంటే ఇక్కడ రాయను.

కరీంనగర్_సిక్కా
అందరూ చూడండి! అదే నాణెం మూడోసారి పెట్టారు. ఈసారి ఫోటో ఇంకా దూరం నుంచి తీశారు, గీత కనపడకూడదని. ముగిసేది ఈ ఆదివారం. మొదటి ధర మళ్ళీ 800. నేనైతే పాడలేను. మీరెవరూ వేయకండి దయచేసి. 47 ఒక్కడే పాడుకుని వాడే కట్టుకోవాలి.

పాతనోటు
నేను వేయను.

న్యూజెర్సీ_బాబాయ్
నేనూ వేయను.

అబిడ్స్_వ్యాపారి
మా వ్యాపారుల గ్రూపులో కూడా చెప్తాను.

ఫిలాటెలీ_పిచ్చోడు
లక్ష్మి గారూ, ఇలా మనమంతా వేయకూడదని మాట్లాడుకోవడం ఏ సెక్షన్ కిందికి వస్తుంది?

లాయర్_లక్ష్మి
దానికి రేపు జవాబిస్తా.

గుంటూరు_ఘాటు
ఒక్క నిమిషం. ఇప్పుడే చూశా. 1,200 అయింది. బిడ్డర్ 47 కాదు, 213. మనలో ఎవరు?

పాతనోటు
నేను కాదు.

హాలీ_మాస్టారు
నేను కాదు. నాకు అకౌంటే లేదు.

కొత్త_సభ్యుడు_2
నేనే సార్. మీరే చెప్పారు కదా, ఇష్టముంటే ఇక్కడే ఉండి చదవమని. చదివాను. చిన్న ఐన్ మంచిదన్నారు కదా అని వేశా. వెనక్కి తీసుకోవచ్చా?